ఒక్క రాత్రి బండి ఆపుకునే చోటు చూపించండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయ మంత్రి గారికి,

శ్రీకాకుళంలో ఉంటున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు నమస్కరించి రాస్తున్న లేఖ. సెలవు చీటీ మొదలుకొని కలెక్టరు గారికి వినతిపత్రం దాకా ఎలా రాయాలో పిల్లలకు నేర్పించినదాన్ని. ఆ పద్ధతిలో రాయాల్సిన అర్జీలన్నీ రాసేశాను. ఇక మిగిలింది పద్ధతి తప్పి రాయడమే కనుక, మన్నించి చదవాలి.

బండిలోనే వండుకుని, పడుకుంటూ తిరిగేవాళ్ళ కోసం పెట్టిన కారవాన్ విధానం గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు, అది మీ ప్రభుత్వం తెచ్చినదే. సముద్ర తీరం మాట వచ్చినప్పుడల్లా మా జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉందని వేదికల మీద చెబుతారు, చప్పట్లు పడతాయి. పక్కనే విజయనగరం జిల్లాకు మరో 28 కిలోమీటర్లు. నా ప్రశ్న చిన్నది. ఈ రెండు జిల్లాల తీరంలో సొంత బండి వేసుకుని వెళ్ళిన మనిషి చీకటి పడ్డాక దాన్ని ఎక్కడ ఆపుకోవాలి? ఫలానా చోట అని ఒక్క ఊరి పేరు చెప్పండి చాలు.

మీ ప్రచార చిత్రాల్లో కనిపించే బండి లాంటిది కాదు నాది. కారవాన్ అనగానే మనవాళ్ళకు షూటింగులో హీరో గారు విశ్రాంతి తీసుకునే ఏసీ బస్సు గుర్తుకొస్తుంది. మీ శాఖకూ అదే గుర్తుకొచ్చినట్టుంది. నాది పాత మారుతి ఈకో వ్యాను. వెనక సీట్లు తీయించి, వడ్రంగి చేత బల్ల కొట్టించి, దాని మీద పరుపు వేసుకున్నాను. బల్ల కింద నీళ్ళ డబ్బాలు, చిన్న గ్యాసు బండ, ఒంటి పొయ్యి. పైన ఒక సోలార్ పలక. దానితో ఒక ఫ్యాను, ఒక దీపం నడుస్తాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇలాంటి మార్పులకు ముందే అనుమతి తీసుకోవాలి. తీసుకున్నాను, ఆర్సీలో నమోదు చేయించాను. సొంత వాడకానికి ఉంచుకున్న క్యాంపర్ వ్యాన్ రవాణా వాహనం కిందికి రాదని కేంద్రం 2004లోనే చెప్పింది. కాగితాల విషయంలో నన్ను తప్పుపట్టడానికి ఏమీ లేదు. అందుకేనేమో, కాగితాలు అడిగేవారు తక్కువ. అందరూ అడిగేది మరొకటి.

“ఒక్కరేనా అమ్మా?”

అవునండి, ఒక్కదాన్నే. ఇంట్లో ఎవరితోనూ గొడవపడి రాలేదు. నాకెవరూ లేరనీ కాదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ గంట కొడితే లేచాను, గంట కొడితే కూర్చున్నాను. ఇప్పుడు ఏ గంటా వినిపించని చోట రెండు రాత్రులు కదలకుండా ఉండాలని కోరిక. మగవాడు ఒంటరిగా వెళ్ళి సముద్రం ముందు కూర్చుంటే ఆలోచనాపరుడు. ఆడది కూర్చుంటే, అందులోనూ వయసు మళ్ళినది కూర్చుంటే, దూకుతుందేమోనని ఒకరు కాపలా కాస్తారు. ఒకచోట నిజంగానే ఒక పెద్దాయన నా వెనక కాస్త దూరంలో చాలాసేపు నిలబడ్డాడు. ఆయన మంచితనానికి దండం. కానీ ఆ సాయంత్రమంతా, నేను బాగానే ఉన్నానని ఆయనకు నమ్మకం కలిగేలా కూర్చోవడంతోనే సరిపోయింది.

పగలు మన తీరానికి వంక పెట్టలేం. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసేచోట నీళ్ళు రెండు రంగుల్లో కనిపిస్తాయి. బారువలో మహేంద్రతనయ కలుస్తుంది, పక్కనే దీపస్తంభం. తెల్లవారేసరికి పెద్ద వల లాగడం మొదలవుతుంది. రెండు వైపులా తాడు పట్టుకుని మనుషులు వెనక్కి వెనక్కి నడుస్తూ ఉంటే, వలలో చేప ఎంత పడిందో కనిపించకముందే ఆడవాళ్ళు బేసిన్లు పట్టుకుని బేరానికి సిద్ధంగా ఉంటారు. నేను బండి తలుపు తీసి, కాళ్ళు కిందికి వేలాడేసి, టీ తాగుతూ చూస్తాను. ఎవరూ నన్ను పట్టించుకోరు. నాకు కావలసిన విశ్రాంతి అంతే. ఏ ప్యాకేజీలోనూ రాదది, జీఎస్టీ కూడా పడదు.

చీకటి పడగానే మొదలవుతుంది అసలు కథ.

ఊరి పేరు రాయను, ఆ ఊరివాళ్ళ తప్పు లేదు. సరుగుడు తోట అంచున గట్టినేల చూసుకుని బండి ఆపాను. అన్నం వండుకుని, వంకాయ కూర వేడి చేసుకుని, తిని పడుకున్నాను. అద్దం మీద లాఠీతో మూడు దెబ్బలు. టార్చి వెలుగు తిన్నగా పరుపు మీద. “ఎవరమ్మా లోపల? ఎంతమంది?” ఒక్కదాన్నే అన్నాను. “మగవాళ్ళు లేరా?” లేరన్నాను. లాఠీ పట్టుకున్న అబ్బాయి మర్యాదస్తుడే, నా చేతికింద చదివిన పిల్లవాడి వయసు ఉంటుంది. తీరంలో రాత్రి బండి ఆగకూడదన్నాడు. ఎక్కడ రాసి ఉందని అడిగాను. “పైనుంచి చెప్పారు మేడం” అన్నాడు. మరి ఎక్కడ ఆపాలన్నాను. కాసేపు ఆలోచించి, హైవే మీద పెట్రోలు బంకుకు వెళ్ళమన్నాడు, అక్కడ లైట్లు ఉంటాయి, భద్రమన్నాడు.

వెళ్ళాను మంత్రి గారూ. సముద్రం చూడటానికి వచ్చినదాన్ని పదహారో నెంబరు జాతీయ రహదారి పక్కన లారీల వరుసలో పడుకున్నాను. అలల చప్పుడు బదులు ఎయిర్ హారన్లు. ఉప్పుగాలి బదులు డీజిలు పొగ. తెల్లవారుజామున ఒక క్లీనరు నా బండి చక్రం పక్కనే పళ్ళు తోముకుంటూ, లోపల ఆడమనిషి ఉందని చూసి ఉలిక్కిపడి, ఆ కంగారులో నురుగు మింగేశాడు పాపం. ఇదీ మన తీర పర్యాటకం. ఆ బంకు యజమానికి మీ శాఖ తరఫున ఒక శాలువా కప్పితే బాగుంటుంది. ఈ జిల్లాలో కారవాన్ పార్కు నడుపుతున్నది ఇప్పటికి ఆయనొక్కడే.

గది తీసుకోవచ్చు కదా అంటారు. తీసుకోబోయాను. ఒక లాడ్జిలో ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, ఒంటరి ఆడవాళ్ళకు ఇవ్వడం లేదన్నారు. బండిలో పడుకుంటే గదికి పొమ్మంటారు, గదికి పోతే తోడు తెచ్చుకోమంటారు.

ఇక అర్జీల సంగతి. సోమవారం అర్జీలు తీసుకునేచోట వరుసలో నిలబడి ఇచ్చాను. రసీదు ఇచ్చారు, నెంబరు ఇచ్చారు. ఇసుక మాది, చెట్లు మావి కావన్నారు ఒకరు. చెట్లు మావే, వాటి మధ్య నేల సంగతి మాకు తెలియదన్నారు ఇంకొకరు. నేల పంచాయతీది అయి ఉండవచ్చన్నారు మూడోవారు. పంచాయతీలో అడిగితే, పర్యాటకం అంటే పై స్థాయి వ్యవహారమమ్మా అని నన్నే ఓదార్చారు. కొన్నాళ్ళకు ఫోనుకు సందేశం వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడింది. సంతోషంగా వెళ్ళి చూశాను. పరిష్కారం ఎక్కడ కట్టారో కనిపించలేదు. మళ్ళీ అర్జీ ఇచ్చాను. మళ్ళీ పరిష్కరించారు. ఇంత వేగంగా పరిష్కారమవుతున్న సమస్య జిల్లాలో మరొకటి ఉంటుందనుకోను.

నేను అడుగుతున్నది ఏమిటో చెబుతాను, చాలా పెద్దది అనుకుంటున్నారేమో. చక్రం దిగబడని గట్టినేల. ఒక కుళాయి. తాళం తీసి ఉండే మరుగుదొడ్డి. తీరంలో మరుగుదొడ్లు లేవని అనను, ఉన్నాయి. తలుపు మీద స్వాగతం అని రాసి, దానికింద తాళం వేసినవి ఉన్నాయి. తాళంచెవి ఉన్న మనిషి ఫోను ఎత్తడు. నా బండిలో రాత్రి అవసరానికి ఒక పెట్టె ఉంది. దాన్ని తెల్లవారాక ఎక్కడో ఒకచోట సెప్టిక్ ట్యాంకులో ఖాళీ చేయాలి. సముద్రంలోకి వంచను, తోటలో గుంత తీసి పూడ్చను. మీరు చోటు చూపించేదాకా ఆ పెట్టెను శ్రీకాకుళం దాకా మోసుకొస్తూనే ఉంటాను. ఇంతకుమించి వివరంగా మంత్రి గారికి రాయడం బాగుండదు.

చోటు చూపించకపోవడం వల్ల నష్టం నాకొక్కదానికే కాదు. అడ్డూ అదుపూ లేకపోతే ఎవరికి తోచినచోట వాళ్ళు ఆపుతారు. వలలు ఆరబెట్టుకునేచోట, పడవలు ఒడ్డుకు లాగేచోట బండ్లు ఆగితే మత్స్యకారులకు చికాకు. వేట మీద బతికేవాళ్ళకు ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు నిషేధం ఎలాగూ ఉంది, మిగతా రోజుల్లో మన షికార్లు కూడా అడ్డమవ్వాలా? చలికాలం చివర తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఇదే ఇసుకలోకి వస్తాయి. పిల్లలు బయటికి వచ్చాక వెలుతురు ఎటుంటే అటే పాకుతాయి. ఎవరో హెడ్‌లైట్లు వేసుకుని ఇసుకలో నిలబెడితే సముద్రంలోకి పోవలసినవి చక్రాల కిందికి వస్తాయి. నేను దీపం ఆర్పుకుని, తెరలు వేసుకుని పడుకుంటాను. అందరూ అలాగే చేస్తారని నాకు నమ్మకం లేదు. దిగువకు మాత్రమే వెలుగు పడే దీపాలు పెట్టి, ఊరి పక్కన ఒక హద్దు గీస్తే అంతా సర్దుకుంటుంది.

తీర నియంత్రణ నిబంధనలు అడ్డొస్తాయని ఒక అధికారి అన్నారు. 2019 నోటిఫికేషను చదివాను, తీరిక ఉంది కదా. పోటు గరిష్ఠంగా వచ్చే గీతకు కనీసం 10 మీటర్ల దూరంలో మరుగుదొడ్లు, తాగునీటి వసతి వంటి తాత్కాలిక ఏర్పాట్లకు అందులో వీలుంది. ఆ మాట చెబితే, “మీరు రిటైరైన టీచరు కదా” అన్నారు. అది జవాబో ప్రశంసో ఇప్పటికీ అర్థం కాలేదు.

అసలు కొత్తగా కట్టనే అక్కర్లేదు. తీరం పొడవునా తుపాను షెల్టర్లు ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తీరం దాటినప్పుడు వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలు ఎలా అయిపోయాయో ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు, ఆ భవనాల విలువ మాకు తెలుసు. హెచ్చరిక వచ్చిన రోజు అవి ఊరివాళ్ళవే, అందులో మాట లేదు. ఆ రోజుల్లో నాలాంటివాళ్ళు తీరం వైపు రానే రాకూడదు. మిగిలిన కాలమంతా వాటి ఆవరణలో మేకలు పడుకుంటున్నాయి. ఎత్తైన నేల, నీళ్ళు, మరుగుదొడ్డి ఆలోచించి కట్టినవే. రాత్రికి ఇంత అని రుసుము పెట్టి బండ్లను అక్కడ ఆపనివ్వండి. ఆ డబ్బు పంచాయతీకి ఇవ్వండి, లేదా ఊళ్ళో మహిళా సంఘానికి అప్పగించండి. వాడకంలో ఉంటే తాళాలు తుప్పు పట్టవు, మోటారు పాడైతే ఆ వారంలోనే తెలుస్తుంది. ఈ సూచన కూడా అర్జీలో రాశాను. అదీ పరిష్కరించబడింది.

విజయనగరం వైపు నాకు ఇంకో భయం. భోగాపురం విమానాశ్రయం వచ్చాక చింతపల్లి, కోనాడ తీరాల్లో పెద్ద హోటళ్ళు వస్తాయంటున్నారు. రానివ్వండి, ఊరి పిల్లలకు పని దొరికితే మంచిదే. కానీ గోడలు లేచాక సముద్రం చూడటానికి గది అద్దె కట్టాలంటే మాబోటి పెన్షనుదారులు ఏం కావాలి? గోడలు కట్టకముందే రెండు మూడు చోట్ల అందరి కోసం కాస్త నేల విడిచిపెట్టమని వేడుకుంటున్నాను. కేరళ 2021లోనే కారవాన్ విధానం తెచ్చింది. వాళ్ళకన్నా ముందుండమని అడగడం లేదు. వాళ్ళను చూసి ఈర్ష్యపడే అవసరం లేకుండా చేయండి చాలు.

పెద్ద కారవాన్ పార్కులు ఎప్పుడు వస్తే అప్పుడు రానివ్వండి. ఈ లోపల కళింగపట్నంలోనో, బారువలోనో, శివసాగర్ తీరంలోనో, ఎక్కడైనా సరే ఒక్కచోటు చూపించండి. అక్కడ బండి ఆపుకోవచ్చని ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. లాఠీతో అద్దం తట్టిన అబ్బాయికి అది చూపిస్తాను, అతనూ నిశ్చింతగా వెళ్ళిపోతాడు. ఒంటరిగా వచ్చినవాళ్ళకూ ఆ చోటు వర్తిస్తుందని అందులో ఒక వాక్యం చేర్చడం మరిచిపోవద్దు.

వర్షాలు వెనుదిరిగి తుపానుల బెడద తగ్గాక, డిసెంబరు చివర మళ్ళీ బయలుదేరదామనుకుంటున్నాను. ఆ లోపల జవాబు వస్తే సంతోషం. రాకపోయినా బయలుదేరతాను. ఏ ఊళ్ళో ఉన్నానో, ఎక్కడినుంచి ఎక్కడికి పంపించారో ప్రతి రాత్రీ మీ కార్యాలయానికి పోస్టుకార్డు రాస్తాను.

ఇట్లు
విధేయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు
శ్రీకాకుళం