ఆగస్టులో బడి కమిటీ ఎన్నికలు, జెండాలు గేటు బయటే ఉంచండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మీ పేపర్ జిల్లా పేజీలో ఎవరు ఎవరికి దండ వేసారో రోజూ ఫొటోలు వస్తున్నాయి గానీ ఊళ్ళల్లో బడి కమిటీల గడువు అయిపోతోందన్న ముక్క మాత్రం ఎక్కడా కనపళ్ళేదు, అందుకే రాస్తున్నా. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా ఒకే రోజు స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలకి ఎన్నికలు పెట్టారు, వాటికి రెండేళ్లే టైము, అంటే ఈ ఆగస్టుకి మళ్ళీ పెట్టాలి. మా కోనసీమలో కొబ్బరి రేటు గురించి మాటాడుకున్నదాంట్లో పదో వంతు కూడా దీని గురించి ఎవరూ మాటాడుకోరు. పార్టీల వాళ్ళు మాత్రం అప్పుడే లెక్కలేసేసుకుంటున్నారండి. ఈసారి చైర్మన్ మనోడే అని మా వీధిలో ఒక పెద్దమనిషి టీ కొట్టు దగ్గర చెప్పేసాడంట. ఆయనకి ఆ బడిలో పిల్లలే లేరు, ఉన్న ఒక్క మనవడూ పొద్దున్నే స్కూల్ వ్యాన్ ఎక్కి అమలాపురం కాన్వెంటుకి పోతాడు.

నేను ఇంట్లో మిషను కుట్టుకుంటానండి, డ్వాక్రా గ్రూపులో ఉన్నాను, పెద్దోడు హైస్కూల్లో ఏడు, చిన్నది ఎంపీపీ స్కూల్లో నాలుగు. పార్టీ ఏదీ లేదు నాకు, ఓటు మాత్రం ప్రతిసారీ వేస్తాను. అసలీ కమిటీ ఏంటో చాలామందికి తెలీదు కాబట్టి నాకు తెలిసింది చెప్తా. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టంలో 21వ సెక్షన్ అని ఉంది, దాని ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ ఒక కమిటీ ఉండాలి, అందులో ముప్పావు వంతు మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయ్యుండాలి, మొత్తమ్మీద సగం మంది ఆడవాళ్ళుండాలి. బడి ఎలా నడుస్తోందో చూడ్డం, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడ్డం, బడికి ఏం కావాలో ప్లాను రాయడం ఈ కమిటీ పని. మన రాష్ట్రంలో అయితే ఒక్కో క్లాసుకి ముగ్గురు పేరెంట్స్‌ని ఎన్నుకుంటాం, వాళ్ళల్లోంచే చైర్మనూ వైస్ చైర్మనూ, హెచ్ఎం గారు కన్వీనరు, ఇంకా వార్డు మెంబరు, అంగన్‌వాడీ టీచరు, ఏఎన్ఎం కూడా ఉంటారు. ఇందులో పార్టీ అన్న మాట ఎక్కడా లేదు చూడండి.

2024లో ఏం జరిగిందంటే, ఆగస్టు మొదట్లో మాకు ఊడ్పులు జోరుగా ఉంటాయి, నాటు కూలికి పోయే ఆడవాళ్ళు పొద్దున్నే ఆరింటికల్లా ఆటో ఎక్కేస్తారు, ఎన్నికేమో పగటి పూట పెట్టారు. నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు, అది చదవాలంటే బడి లోపలికి పోవాలి. వాట్సాప్ గ్రూపులో కూడా వేసారు గానీ ముందు రోజు రాత్రి వేసారు. సగం మంది తల్లిదండ్రులు వస్తేగానీ కోరం అవ్వదు కాబట్టి ఇంటింటికీ బైకులేసుకుని వెళ్ళి తీసుకొచ్చారు, ఆ తీసుకొచ్చింది టీచర్లు కాదు, రెండు పార్టీల కుర్రాళ్ళు. ఎవడి బైకు మీద ఎక్కితే ఆడికి చెయ్యెత్తాలన్నమాట.

రహస్య బ్యాలెట్ పెట్టే వీలు రూల్స్‌లో ఉంది గానీ మామూలుగా చేతులెత్తడంతోనే అయిపోద్ది. వరండాలో స్తంభానికి ఆనుకుని ఒక నాయకుడు నిలబడ్డాడు, సెల్లు చూసుకుంటున్నట్టే ఉన్నాడు గానీ ఎవరు ఎవరికి ఎత్తారో అన్నీ చూస్తున్నాడు. పింఛను కాగితం, ఇళ్ళ స్థలం పట్టా, రేషను కార్డులో పేరు, ఇలాంటి పనులు ప్రతి ఇంట్లో ఏదోటి పెండింగులో ఉంటాయి, ఆ నాయకుడి ఎదురుగా అవతలోడికి చెయ్యెత్తే ధైర్యం ఎవరికుంటాది చెప్పండి. నా పక్కన కూర్చున్న పిన్ని చెయ్యి సగం ఎత్తి జడ సర్దుకుంటున్నట్టు దించేసింది. నవ్వొచ్చింది గానీ తర్వాత ఆలోచిస్తే నవ్వే విషయం కాదది.

ఇంకోటి చెప్పాలి, ఇది మా వైపు ఊళ్ళకి చాలా ముఖ్యం. మా దగ్గర కువైట్, దుబాయ్, మస్కట్ పోయి ఇళ్ళల్లో పని చేసుకుని డబ్బులు పంపే తల్లులు చాలామంది, ఆళ్ళ పిల్లల్ని అమ్మమ్మలే పెంచుతారు, అన్నం పెట్టడం దగ్గర్నుంచి హోంవర్కు చేయించుకురమ్మని పక్కింటి అమ్మాయి దగ్గరికి పంపడం దాకా అంతా ముసలావిడే. మా వీధిలో అలాంటి ఒకావిడ ఆధార్ కార్డు పట్టుకుని ఓటుకి వచ్చింది, లిస్టులో నీ పేరు లేదు, తల్లి గానీ తండ్రి గానీ రావాలన్నారు. తల్లి కువైట్లో ఉంది, తండ్రి లేడు. చట్టంలో సంరక్షకులు అని స్పష్టంగా రాసి ఉందండి, మరి ఆవిడ సంరక్షకురాలు కాకపోతే ఎవరు. ఆవిడ ఏ పార్టీ మనిషో తెలీకపోవడమే అసలు ఇబ్బంది అని నాకనిపించింది, తెలిసుంటే ఎవరో ఒకరు పట్టుబట్టేవారు.

ఇంత చిన్న కమిటీ కోసం పార్టీలకెందుకంత ఆరాటం అంటే, బడులు బాగుచేసే మనబడి నాడు-నేడు పథకం వచ్చాక మొదలైంది ఇది. మొదటి విడతలో 15,715 బడుల్లో పనులు తల్లిదండ్రుల కమిటీల పేరు మీదే జరిగాయి, సిమెంటు, టైల్సు, రంగులు, బాత్రూములు, అన్నిటికీ కమిటీ సంతకాలే. బడులు బాగుపడ్డాయి, కాదనను, మా పిల్లలు నేల మీంచి బెంచీల మీదకి ఎక్కింది అప్పుడే. కానీ చైర్మన్ సంతకానికి విలువుందని అందరికీ తెలిసిపోయింది. అప్పుడు ఆళ్ళు, ప్రభుత్వం మారాక ఈళ్ళు, తేడా ఏమీ లేదు. రెండో విడతలో మొదలెట్టి మధ్యలో ఆగిపోయిన గదుల గురించి మాత్రం ఏ పార్టీ చైర్మనూ నోరెత్తడు, ఇనప ఊచలు పైకి చూస్తా అలాగే తుప్పు పడతన్నాయి.

సంతకం అంటే గుర్తొచ్చింది. 2022లో జీవో 117 వచ్చినప్పుడు మా పెద్దోడు మూడో తరగతి. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లో ఉన్న హైస్కూల్లో కలిపేసారు, ఎనిమిదేళ్ళ పిల్లోడు కాలవ గట్టు మీద నడిచి లారీలు తిరిగే రోడ్డు దాటి వెళ్ళాలి, ఆ ఏడాదంతా నేను మిషను ఆపుకుని రోడ్డు దాటించడానికి వెళ్ళేదాన్ని. తర్వాత 2025లో ఆ జీవో తీసేసి తొమ్మిది రకాల బడులన్నారు, మోడల్ ప్రైమరీ అన్నారు, క్లాసుకో టీచర్ అన్నారు, ఇది మంచి మార్పే, మా చిన్నదానికి ఆ బాధ తప్పింది. కానీ ఈ మార్పులప్పుడు కూడా కమిటీ తీర్మానం కావాలని అడిగారు. మా ఊళ్ళో ఆ తీర్మానం మీద ఎవరు సంతకం పెట్టారో, ఎప్పుడు పెట్టారో పేరెంట్స్‌కి తెలీదు. మినిట్స్ బుక్ ఇంటింటికీ తిరుగుద్దండి, మీటింగు జరగదు, మీటింగు జరిగినట్టు సంతకాలు మాత్రం అయిపోతాయి. ఒకసారి మా ఇంటి పక్కనున్న మెంబరావిడ పొయ్యి మీద పులుసు కలుపుతా, తడి చేత్తోనే సంతకం పెట్టేసింది, ఏం రాసారే అక్కా అనడిగితే ఏమో హెచ్ఎం గారు పంపారు అంది. హెచ్ఎం గారిని అనడానికి కూడా లేదు, ఆయన మీటింగు పెడితే చైర్మన్ రాడు, చైర్మన్ లేకుండా పెడితే చైర్మన్ ఫోను చేయిస్తాడు.

డబ్బులు తక్కువేమీ కాదండి. కాంపోజిట్ గ్రాంట్ అని పిల్లల సంఖ్యని బట్టి వస్తాది, ముప్పై దాటి వంద లోపు పిల్లలున్న బడికి 25 వేలు, వంద దాటి 250 లోపైతే 50 వేలు. సుద్ద ముక్కలు, కరెంటు బిల్లు, రిపేర్లు అన్నీ అందులోంచే. బడికెళ్ళే పిల్లల తల్లులకిచ్చే తల్లికి వందనం 15 వేలని అందరికీ తెలుసు, అందులో 13 వేలే తల్లి అకౌంట్లో పడతాయి, 2 వేలు బడుల నిర్వహణకి పట్టుకుంటారు. అమ్మఒడి అప్పుడు కూడా ఇలాగే కోసేవారు. కొయ్యండి, మా పిల్లలు వాడే బాత్రూములకే అంటున్నారు కాబట్టి ఒప్పుకుందాం. కానీ మా అందరి 2 వేలూ కలిపితే మా బడికి ఎంత తిరిగొచ్చింది, బాత్రూములు కడిగే ఆయమ్మకి నెలకి 6 వేలంటున్నారు, ఆ 6 వేలు నెలనెలా పడుతున్నాయా, ఫినాయిల్ ఎన్ని డబ్బాలు కొన్నారు, ఇవి అడగాల్సింది కమిటీయే కదా. కమిటీలో ఉన్నోడికి పిల్లలే బడిలో లేకపోతే, లేదా పార్టీ పెద్ద అడగమంటేనే అడిగే రకమైతే, ఇంక అడిగేదెవరు.

మధ్యాహ్న భోజనం సంగతీ అంతే. నిన్నటిదాకా గోరుముద్ద, ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ మా కోనసీమ ఆవిడే, లంకల గన్నవరంలో గోదావరి దాటొచ్చిన ప్రతి బాటసారికీ వేళ కాని వేళ కూడా అన్నం వండి పెట్టిన తల్లి, ఆ పేరు పెట్టడం మాకు గర్వమే. కానీ ఆ పేరు పెట్టాక వండే అమ్మలకి ఇచ్చే నెల జీతం కూడా ఆ పేరుకి తగ్గట్టు ఉండాలి కదండీ. 3 వేలు. 2019లో వెయ్యి నుంచి 3 వేలు చేసారు, అంతే, ఆగిపోయింది. మా బడిలో వండే ఆవిడ తెల్లారే సరికి గుడ్లు లెక్కపెట్టుకుంటాది, బిల్లు లేటయితే షాపులో అప్పు ఆవిడ పేరు మీదే. పథకం పేరు మారిన రోజున ఫొటోకి ముప్పై మంది నిలబడ్డారు, ఆవిడ వెనక గిన్నెలు కడుగుతా ఉంది.

పేరెంట్స్ రారండి, ఆళ్ళకి పట్టదండి అని కొందరు టీచర్లు అంటారు. మరి 2024 డిసెంబర్ 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెడితే వచ్చారు కదా, తల్లులకి ముగ్గులు, తండ్రులకి తాడు లాగుడు అన్నారు, నవ్వుకుంటా వచ్చారు, పిల్లల ప్రోగ్రెస్ కార్డులు చూసుకున్నారు, మా ఆయన తాడు లాగి రెండ్రోజులు నడుం నొప్పి అని పడుకున్నాడు కూడా. ముందుగా చెప్పి, మర్యాదగా పిలిస్తే వస్తారు. ముగ్గులకి పిలిచినట్టే లెక్కలకీ పిలవండి అని నా గొడవ. అదే ఉత్సాహం పేరెంట్స్ కూడా చూపించాలి. డబ్బులు పడిన రోజున మెసేజ్ వచ్చిందా లేదా అని పదిసార్లు ఫోను చూస్తాం, ఆ డబ్బుల్లోంచి పట్టుకున్న 2 వేల గురించి ఒక్కసారి కూడా బడికెళ్ళి అడగం.

డీఎస్సీలో 16,347 పోస్టులు తీసాక మా బడికీ ఒక కొత్త టీచరమ్మ వచ్చింది, కుర్రదే, పిల్లల చేత బిగ్గరగా చదివిస్తాది, మా చిన్నది ఇంట్లో కూడా పేపర్ పట్టుకుని అలాగే అరిచి చదువుతోంది. మంచి టీచర్లు వచ్చినప్పుడు ఆళ్ళ వెనక నిలబడే కమిటీ కావాలండి, ఆళ్ళ మీద పెత్తనం చేసే కమిటీ కాదు.

పంచాయతీ ఎన్నికలకి చట్టం ప్రకారం పార్టీ గుర్తులుండవు, 2021 ఫిబ్రవరిలో కూడా లేవు, అయినా ఏ ఉంగరం ఎవరిదో ఏ కత్తెర ఎవరిదో ఊళ్ళో చిన్నపిల్లోడు కూడా చెప్పాడు. సర్పంచి సంగతి అలా పోనీండి, ఊరన్నాక రాజకీయం ఉంటాది, ఉండాలి కూడా. బడిలో పిల్లల బాత్రూముకి తాళం ఎందుకేసారని అడగడానికి పార్టీ పర్మిషన్ దేనికి.

అందుకే ఎంఈవో గారికీ, డీఈవో గారికీ మీ పేపర్ ద్వారా అడిగేది ఇంతే. ఎన్నిక తేదీ వారం ముందు చెప్పండి, బోర్డు మీద కాగితంతో సరిపెట్టకుండా చాటింపు వేయించండి, కూలికి పోయినోళ్ళు తిరిగొచ్చాక సాయంత్రం పూట పెట్టండి. లిస్టులో అమ్మమ్మల్ని, నాయనమ్మల్ని సంరక్షకులుగా ముందే రాసుకోండి, పిల్లలు చేరిన రోజున అప్లికేషన్ మీద వేలిముద్ర వేసింది ఆళ్ళే కదా. ఒక్కరికి మించి నిలబడితే చీటీలు రాసి డబ్బాలో వేయించండి, పిల్లల నోటు పుస్తకంలో రెండు పేజీలు చింపితే చాలు బ్యాలెట్ పేపర్లకి. బడిలో పిల్లలు లేని వాళ్ళు ఆ రోజు ఎంత పెద్దోళ్ళయినా గేటు బయటే ఉండాలని హెచ్ఎం గార్ల చేత చెప్పించకండి, పాపం ఆళ్ళు చెప్పలేరు, మీరే ఆర్డరు రాసి గేటుకి అంటించండి. గెలిచిన కమిటీ పాత కమిటీ దగ్గర్నుంచి లెక్కల పుస్తకం అందరి ముందూ తీసుకోవాలి, గ్రాంటు ఎంత, ఖర్చెంత, మిగిలిందెంత అనేది వంటగది గోడ మీద రాయించాలి, మెనూ రాసే గోడే, సగం ఖాళీగానే ఉంది.

ఎడిటర్ గారూ, ఈ ఉత్తరం వేస్తే దాని పక్కనే ఎన్నిక తేదీ, లిస్టులో పేరు ఎక్కించుకోడానికి ఎవర్ని కలవాలో కూడా కనుక్కుని వెయ్యండి. మా వీధి అమ్మమ్మకి నేను చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక తల్లి,
అమలాపురం దగ్గర పల్లెటూరు,
డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ కోనసీమ జిల్లా