ముక్కు చీదకు నాన్నా

బ్రాడీపేట,
గుంటూరు

చిన్నా,

నిన్న రాత్రి ఫోన్లో మాట్లాడుతూ మధ్యలో గట్టిగా ముక్కు చీదావు. నాకు ప్రాణం పోయినంత పనైంది. అప్పుడే చెప్తే విసుక్కుంటావని ఊరుకున్నాను. నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నాను.

విరిగిన నీ చెంప ఎముకకి ఆపరేషన్ అయి ఇవాల్టికి 11 రోజులు. మూడు వారాల దాకా చీదొద్దని డాక్టరు గారు చెప్పారు. ఎందుకో చెప్పినప్పుడు నువ్వింకా మత్తులోనే ఉన్నావు. చెంప ఎముక పక్కనే గాలి ఉండే గది, సైనస్ ఉంటుందట. ఎముక విరిగినప్పుడు దాని గోడ కూడా చిట్లుతుంది. గట్టిగా చీదితే ఆ పగుళ్ళలోంచి గాలి కంటి చుట్టూ చర్మం కిందికి ఎక్కి కన్ను ఉబ్బిపోతుంది. గాలితో పాటు క్రిములూ పోతాయి. జలుబు చేస్తే మెత్తటి గుడ్డతో తుడుచుకో, అంతే. తుమ్మొస్తే ఆపుకోకు, నోరు తెరిచి తుమ్ము.

పండగ కబడ్డీలో మోచెయ్యి తగిలిన రోజు మనం వెళ్ళిన క్లినిక్‌లో వాపేలెమ్మని మాత్రలిచ్చి పంపేశారు. నేనూ నమ్మాను. లోపలి సొట్టను వాపు కప్పేస్తుందని నాకేం తెలుసు? నాలుగో రోజు నిన్ను కింద కూర్చోబెట్టి, వెనక నిలబడి తలకి నూనె పెడుతున్నాను చూడు, అప్పుడు పైనుంచి కనపడింది. కుడి బుగ్గ నిండుగా ఉంది, ఎడమ బుగ్గ అణిగిపోయి ఉంది. నాలుగు రోజులు ఎదురుగా కూర్చుని అన్నం పెట్టినా తెలియలేదు నాన్నా. పై పెదవికి పప్పు అంటుకున్నా నీకు తెలియకపోవడం, ముద్ద పట్టేంత నోరు తెరవలేకపోవడం, అన్నీ అప్పుడే ఒక్కసారి గుర్తొచ్చాయి.

కొత్తపేట ఆసుపత్రిలో స్కాన్ చూపించి డాక్టరు గారు పీటతో పోల్చి చెప్పారు. నాలుగు కాళ్ళ మీద పీట నిలబడినట్టు ఆ ఎముక ముఖంలో నిలబడుతుందట. నీది కాళ్ళ దగ్గర విరిగి లోపలికి కుంగింది. వాపు తగ్గాలి, అలాగని రెండు వారాలు దాటితే వంకరగానే అతుక్కోవడం మొదలై సరిచేయడం కష్టమవుతుంది. తొమ్మిదో రోజున చేశారు. పై చిగుళ్ళ పైన నోటి లోపలి నుంచి, కనుబొమ చివర నుంచి కోసి, ఎముకను పైకి లేపి, టైటానియం ప్లేట్లు పెట్టి స్క్రూలు బిగించారు. ఇబ్బంది లేకపోతే అవి అలాగే ఉండిపోతాయి.

ఆ రాత్రి నీకు గుర్తుండదు. నర్సమ్మ మాటిమాటికీ వచ్చి, నీ రెప్ప ఎత్తి టార్చి వేసి, ఎన్ని వేళ్ళు కనపడుతున్నాయని అడిగేది. నువ్వు నిద్రలోనే "రెండు" అనేవాడివి. కంటి వెనక రక్తం చేరితే చూపే పోవచ్చని, అందుకే చూస్తున్నామని చెప్పింది. తెల్లారేదాకా ఆ "రెండు" అనే మాట కోసమే కూర్చున్నాను. ఇప్పుడైనా కంట్లో నొప్పి పెరిగినా, చూపు మసకబారినా, నాకు ఫోన్ చేయడం తర్వాత, ముందు ఆసుపత్రికి పరుగెత్తు.

పెదవి మొద్దుబారిందని దిగులుపడకు. కంటి కింది నరం నలిగింది, నెలలు పట్టొచ్చు. చాలామందికి చాలావరకు తిరిగి వస్తుందన్నారు, కొందరికి కాస్త మిగిలిపోవచ్చు కూడా అన్నారు. నీ దగ్గర దాచను. టీ చల్లారాక తాగు, కాలినా తెలియదు. గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూసుకుంటూ నెమ్మదిగా గీసుకో.

హాస్టల్ మెస్‌లో ఇడ్లీ, పెరుగన్నం, మెత్తటి పప్పన్నం తిను. తిన్న ప్రతిసారీ ఉప్పునీళ్ళతో పుక్కిలించు. రెండు దిండ్లు వేసుకుని పడుకో, ఎడమవైపు తిరక్కు. ఎముక అతుక్కోవడానికి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా డాక్టరు గారు సరే అనేదాకా కబడ్డీ కోర్టులో అడుగు పెట్టొద్దు. మీ జట్టు వాళ్ళు పిలుస్తారు, నాకు తెలుసు. నా మాట చెప్పు.

శనివారం రివ్యూ. బాపట్లలో పొద్దున్నే బస్సెక్కు. ముందు ఇంటికి రా, తలకి నూనె పెట్టి పైనుంచి ఒకసారి చూసుకుంటాను. అప్పుడు ఇద్దరం కలిసి కొత్తపేట వెళ్దాం.

అమ్మ