టోకెన్ ధర ఒక్కటే రాస్తే చాలదు

సంపాదకులకు,

'ఆడుతూ సంపాదించండి' అనే బ్లాక్‌చెయిన్ (అందరూ చూడగల ఉమ్మడి డిజిటల్ ఖాతా పుస్తకం) గేముల మీద వార్త వచ్చినప్పుడల్లా టోకెన్ (ఆటలో గెలుచుకుని బయట అమ్ముకోగల డిజిటల్ నాణెం) ధర, ఆటగాళ్ల సంఖ్య ఉంటాయి. రోజుకు ఎన్ని టోకెన్లు పుడుతున్నాయి, ఎన్ని ఖర్చయి బర్న్ అవుతున్నాయి (శాశ్వతంగా చెలామణీ నుంచి తొలగిపోతున్నాయి) అన్నది ఉండదు. ఆట నిలుస్తుందో లేదో తేల్చేది ఆ రెండు లెక్కలే.

వియత్నాం సంస్థ స్కై మేవిస్ తెచ్చిన యాక్సీ ఇన్ఫినిటీనే చూడండి. 2021లో ఆడాలంటే ముందు మూడు యాక్సీలు (ఆటలో పోరాడే డిజిటల్ జీవులు) కొనాల్సి వచ్చేది. గెలిస్తే ఎస్‌ఎల్‌పీ అనే టోకెన్లు వచ్చేవి, వాటి జారీకి గరిష్ఠ పరిమితి లేదు. ఖర్చుపెట్టే దారి అప్పట్లో దాదాపు ఒక్కటే: రెండు యాక్సీలను జతకట్టి కొత్తదాన్ని పుట్టించడం. అసలు లోపం ఇక్కడే. అలా పుట్టినవాటిని కొనేది ఎక్కువగా కొత్తగా చేరేవాళ్లే. చేరికలు మందగించేసరికి యాక్సీల ధర పడింది, పుట్టించడం గిట్టుబాటు కాలేదు, ఎస్‌ఎల్‌పీకి గిరాకీ తగ్గింది. జారీ మాత్రం రోజూ సాగింది. 2021 జూలైలో 30 సెంట్లు దాటిన ధర 2022 జనవరి చివరికి ఒక సెంటు దరిదాపులకు జారింది. బర్న్ అవుతున్నదానికి నాలుగు రెట్లు పుడుతోందని ఆ ఫిబ్రవరిలో సంస్థే చెప్పి, అడ్వెంచర్ మోడ్ (కంప్యూటర్‌తో ఆడే భాగం), రోజువారీ క్వెస్టుల్లో (చిన్న పనుల్లో) ఎస్‌ఎల్‌పీ ఇవ్వడం ఆపేసింది. అప్పటికే ఫిలిప్పీన్స్‌లో యజమానుల యాక్సీలను వాటాకు తీసుకుని ఆడి ఇల్లు గడుపుకున్నవాళ్ల రాబడి కరిగిపోయింది. ఇది చాలా బాధాకరం, ఎందుకంటే కాగితం మీదే ముందుగా కనిపించే లెక్క ఇది.

ఉదాహరణకు 10,000 మందికి రోజుకు తలా 100 టోకెన్లిస్తే 10 లక్షలు. అందులో 2.5 లక్షలే ఖర్చయితే నెలకు 2.25 కోట్లు పోగుపడతాయి. ఇలాంటి ఆట కట్టే మన ఇంజినీర్లు తలకింత అని ఇవ్వకుండా రోజుకు ఇంత అని మొత్తం బిగించి, దాన్నే పంచాలి. అయితే బాట్లు (మనిషి బదులు ఆడే ప్రోగ్రాములు) చొరబడితే అసలు ఆటగాళ్ల వాటా తినేస్తాయి. అందుకే కంప్యూటర్‌తో ఆడే పోరాటాలకు టోకెన్లు పెట్టకూడదు. టోర్నమెంటు ప్రవేశ రుసుము, ఆయుధాల మరమ్మతు, సీజన్‌తో గడువు తీరే అలంకరణలు వంటి ఖర్చులు పాత ఆటగాడు తనకోసం పెట్టుకునేవి, కొత్తవాడి రాకతో పనిలేదు. వీటినీ మరీ పెంచితే ఆడేవాళ్లే వెళ్లిపోతారు. మూడు నెలలపాటు కొత్తవారు ఒక్కరూ చేరలేదనుకుని లెక్క వేసి చూడాలి. అప్పుడు పుట్టే టోకెన్లు ఖర్చయ్యేవాటిని మించిపోతే ఆ ఆటను విడుదల చేయకూడదు.

మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాలపై 30 శాతం పన్ను ఉంది, ఒక టోకెన్ నష్టాన్ని మరోదాని లాభంలో సర్దుకునే వీలు లేదు. కాబట్టి పాఠకులకు ఈ సమాచారం మరింత అవసరం. జారీ, బర్న్ రెండూ బ్లాక్‌చెయిన్‌లో ఎవరైనా చూడగలిగినవే. ధర వేసే చోటే వాటినీ ప్రచురించాలని కోరుతున్నాను.

- ఒక గేమ్ డిజైనర్, హైదరాబాద్