అమ్మ పాత సీటీ స్కాన్ డిస్కు పారవేయవద్దు

పూజ్యులైన నాన్నగారికి,

మీ పెద్దమ్మాయి నమస్కరించి వ్రాయునది. దొడ్లో నాచు పట్టిన గట్టు మీద జారిపడి అమ్మ మణికట్టు విరిగిందని తమ్ముడు ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసు అంబాజీపేటలోనే ఉంది. కట్టు సరిగ్గా కుదిరిందన్నారు, సంతోషం. అయితే నిలుచున్న మనిషి జారి చేయి ఆనించినంత మాత్రాన ఎముక విరిగిందంటే, కట్టు విప్పగానే మరచిపోదగిన విషయం కాదు.

కిందటేడాది తీయించిన డెక్సా అనే ఎముకల ఎక్స్-రే పరీక్షలో నడుము టి-స్కోరు, అంటే ఆరోగ్యవంతులైన యువతుల ఎముకతో పోల్చి చెప్పే అంకె, మైనస్ 1.4 వచ్చిందనీ, మైనస్ 2.5 వరకూ దిగితేనే ఎముక గుల్లబారినట్లనీ అమ్మ ధీమాగా ఉంది. ఆ హద్దు 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టినదే, దానిని నేను తప్పుపట్టను. నా సందేహం కొలిచిన తీరు మీద. డెక్సా ఎముకను నీడలా చదును చేసి చదరపు సెంటీమీటరుకు ఎన్ని గ్రాముల ఖనిజమో చెబుతుంది కనుక, వయసుతో వెన్నుపూసల అంచులకు పెరిగిన ముళ్లూ, ముందున్న పెద్ద రక్తనాళం గోడలో పేరుకున్న సున్నమూ ఆ లెక్కలోనే కలిసిపోతాయి. పీచు ఒలవని కాయను కాటా మీద పెట్టి లోపల కొబ్బరి ఇంత అని ఎవరైనా బేరమాడితే మీరు ఒప్పుకుంటారా?

సీటీ స్కాన్ మాత్రం, కాయను పగలగొట్టకుండానే లోపలి కొబ్బరిని విడిగా చూపిస్తుంది. వెన్నుపూస పై పెంకును వదిలి, మధ్యనున్న స్పంజు వంటి ఎముకలో మాత్రమే గుండ్రంగా గీత గీసి సాంద్రత చదువుతాము; ఎముక అరుగుదల ముందు బయటపడేది అక్కడే. నీటికి 0, గాలికి మైనస్ 1000గా పెట్టుకున్న ఆ కొలమానానికి, సీటీని రూపొందించి 1979లో నోబెల్ బహుమతి పొందిన హౌన్స్‌ఫీల్డ్ గారి పేరు పెట్టారు. దానిని ఖనిజం బరువుగా మార్చడానికి, ఎంత ఖనిజం ఉన్నదో ముందే తెలిసిన కడ్డీలను రోగి నడుము కింద ఉంచి, ఆమెతోపాటే స్కాన్ చేస్తాము. మన కొట్టులోని ముద్ర వేయించిన తూకపు రాళ్ల వంటివే అవి. ఘన సెంటీమీటరుకు 120 మిల్లీగ్రాములు దాటితే మామూలు, 80 కన్నా తగ్గితే గుల్లబారినట్లు. ఈ అంకెలను టి-స్కోరుతో పోల్చకూడదు. మూలుగలో కొవ్వు పెరిగితే అంకె ఉన్నదానికన్నా తక్కువ చూపించే లోపం దీనికీ ఉంది. రెండు శక్తుల ఎక్స్-కిరణాలతో తీసే సీటీ ఆ కొవ్వునూ కాల్షియంనూ వేరు చేయగలదు.

ఇంత చెప్పి మిమ్మల్ని కొత్త పరీక్షకు పరుగెత్తించడం నా ఉద్దేశం కాదు. మూడు నెలల క్రితం మూత్రపిండంలో రాయి కోసం అమ్మకు పొట్ట సీటీ తీశారు కదా. రంగు మందు ఎక్కించకుండా తీసినదే కనుక మరీ మంచిది, ఎందుకంటే ఆ మందు ఎముక అంకెను పెంచి చూపుతుంది. రాయిని వెతికిన ఆ బొమ్మల్లోనే నడుము మొదటి పూస కూడా పడి ఉంటుంది. కింద కడ్డీలు లేకపోయినా, ఎక్స్-కిరణాల గొట్టాన్ని 120 కిలోవోల్టుల వద్ద నడిపి తీసి ఉంటే, ఆ పూస మధ్య భాగం 100 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల కన్నా తక్కువగా ఉన్నదా లేదా అన్నది నేనిక్కడి నుంచే చూడగలను. అది రోగనిర్ధారణ కాదు, డాక్టరుగారిని గట్టిగా అడగడానికి ఒక ఆధారం.

కాబట్టి బీరువాలో అమ్మ పట్టుచీరల కింద ఉన్న ఆ డిస్కును తమ్ముడికి ఇచ్చి, అందులోని ఫైళ్లన్నీ ఉన్నవి ఉన్నట్లుగా పంపించమనండి. ఫిల్ములకు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపవద్దు, వాటిలో నలుపూ తెలుపూ తప్ప కొలవదగిన అంకెలు మిగలవు. దొడ్లో గట్టు మీది నాచును మాత్రం ఈ రోజే గీయించండి.

మీ పెద్దమ్మాయి,
జర్మనీ