రిపోర్టులో ఇకపై యూజర్ వేరు, సెషన్ వేరు, మెషీన్ వేరు

మా దగ్గర థిన్ క్లయింట్ (సర్వర్ మీద ఆధారపడి పనిచేసే చిన్న కంప్యూటర్ బాక్సు) నెట్‌వర్క్ నిర్వహణ తీసుకున్న కస్టమర్లందరికీ నమస్కారం. ఏ యూజర్, ఏ సెషన్‌లో (లాగిన్ నుంచి లాగౌట్ వరకు సర్వర్‌లో నడిచే పని), ఏ మెషీన్ నుంచి పనిచేశారో మా రిపోర్టులో ఇకపై విడివిడిగా చూపిస్తాం.

"ఫైర్‌వాల్ లాగ్ చూస్తే అందరిదీ ఒకే ఐపీ అడ్రస్. ఎవరు ఏం చేశారో ఎలా తెలుస్తుంది?" అని మీలో చాలామంది అడుగుతున్నారు. అది ఫైర్‌వాల్ లోపం కాదు. టేబుల్ మీద ఉన్న చిన్న బాక్సు తెరను చూపించి, కీబోర్డు, మౌస్ కదలికలను సర్వర్‌కు పంపుతుంది, అంతే. బ్రౌజర్ నడిచేది సర్వర్‌లో. అందుకే బయటికి సర్వర్ అడ్రసే కనిపిస్తుంది. సెషన్‌కు ఇన్ని అని పోర్టు నంబర్లు (ఒకే అడ్రస్ నుంచి వెళ్లే కనెక్షన్లను వేరు చేసే నంబర్లు) కేటాయించే ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను సర్వర్‌లో పెడితే ఫైర్‌వాల్ యూజర్లను విడదీయగలదు. మీ ఫైర్‌వాల్‌లో ఆ సదుపాయం ఉంటే పెట్టిస్తాం.

అసలు చిక్కు మెషీన్ దగ్గర ఉంది. ఒకరు ఉదయం స్టోర్స్‌లో లాగిన్ అయి, డిస్‌కనెక్ట్ చేసి, మధ్యాహ్నం అకౌంట్స్‌లోని టెర్మినల్ (అదే, టేబుల్ మీది బాక్సు) నుంచి అదే సెషన్‌లోకి వచ్చారనుకోండి. సెషన్ నంబరు మారదు, మెషీన్ మారింది. ఉదయం తెరిచిన ప్రోగ్రామ్‌ను అడిగితే ఇంకా స్టోర్స్ పేరే చెబుతుంది. కాబట్టి ఆ పేరును నమ్ముకోకుండా, మెషీన్ వివరాలను విండోస్ సెక్యూరిటీ లాగ్‌లోని 4778 (మళ్లీ కనెక్ట్ అవ్వడం), 4779 (డిస్‌కనెక్ట్ అవ్వడం) ఎంట్రీల నుంచి తీసుకుంటాం. వాటిలో సమయంతో పాటు క్లయింట్ (కనెక్ట్ అయిన బాక్సు) పేరు, అడ్రస్ ఉంటాయి. ఇవి నమోదు కావడానికి ఆడిట్ సెట్టింగ్ ఆన్ చేయాలి, ఆ పని మేమే చేస్తాం.

దీనికీ హద్దులున్నాయి. క్లయింట్ పేరు టెర్మినల్ తన గురించి తాను చెప్పుకునేది. దాన్ని మార్చడం కష్టం కాదు. ఒకే ఇమేజ్ (సాఫ్ట్‌వేర్ మొత్తం నకలు) నుంచి క్లోన్ చేసిన బాక్సులన్నిటికీ ఒకే పేరు ఉండిపోవచ్చు. పైగా ఆర్‌డీపీలో (బాక్సును విండోస్ సర్వర్‌కు కలిపే పద్ధతి) ఆ పేరు 15 అక్షరాలకే తెగిపోతుంది. పొడుగు పేరు పెట్టి చివర నంబరు వేస్తే ఆ నంబరే పోతుంది. నంబరు ముందు పెట్టండి. నాట్ (అందరి అడ్రస్‌లకు బదులు రౌటర్ తన అడ్రస్ పెట్టి పంపే పద్ధతి) వెనక ఉన్న బ్రాంచిలో అయితే అడ్రస్ కూడా రౌటర్‌దే వస్తుంది, మ్యాక్ అడ్రస్ (బాక్సు నెట్‌వర్క్ కార్డుకు ఉండే గుర్తింపు నంబరు) రౌటర్ దాటి రాదు. అక్కడి డీహెచ్‌సీపీ లాగ్ (ఏ బాక్సుకు ఏ ఐపీ అడ్రస్ ఇచ్చారో రాసే చిట్టా) దొరికినా, ఏ బాక్సు ఏ సెషన్‌దో తేలకపోతే రిపోర్టులో మెషీన్ గడి ఖాళీగా వదిలేస్తాం. ఊహించి నింపం. ఆ గడి చూసి ఒకరి ఉద్యోగం మీద నిర్ణయం తీసుకునే రోజు రావచ్చు కదా!

ఒకే పాస్‌వర్డ్‌తో నలుగురు పనిచేసే చోట, పని చేసింది ఆ నలుగురిలో ఎవరో ఏ రిపోర్టు వల్లా తెలియదు. దయచేసి ఆ అలవాటు మానండి. ఇంకో మాట, మేం తెరను గానీ టైపు చేసేదాన్ని గానీ రికార్డు చేయం. మీ సిబ్బందికి ఇది ముందే చెప్పండి.

ప్రతి బాక్సు స్టిక్కర్ మీది మ్యాక్ అడ్రస్, అది ఏ సీటుదో రాసి పంపండి. జాబితా అందిన ఆఫీసు నుంచే కొత్త రిపోర్టు మొదలుపెడతాం.