తుంటి ఆపరేషన్ అయ్యాక ఇంట్లో ఎక్కడ కూర్చోవాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో తుంటి కీలు మార్పిడి గురించి వచ్చిన వ్యాసం చదివాను. బాగానే రాశారు, కానీ ఆపరేషన్ మర్నాడే నడిపిస్తారు, నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపిస్తారు అని చెప్పి అక్కడితో ఆపేశారు. నడిపించే మాట నిజమే, నన్నూ నడిపించారు. తిప్పలన్నీ ఇంటికొచ్చాకే. దాని గురించి ఒక్క ముక్క లేదు, అందుకే ఈ ఉత్తరం.

నేను అనంతపురంలో అంగన్‌వాడీ టీచరుగా చేసి మానుకున్నాను. ఉద్యోగమంతా పిల్లల మధ్య నేల మీద బాసింపట్టు వేసుకునే. చివరి రోజుల్లో కుడి మోకాలు నొప్పి మొదలైంది. చూపించుకున్న చోట మోకాలికే ఎక్స్‌రే తీశారు, అరిగిందన్నారు. మాత్రలు, పూత మందు, మోకాలికి పట్టీ, ఏడాదిన్నర ఇదే వరస. ఈలోగా కాలి మెట్టె సర్దుకుందామంటే వంగలేను, ఆటో ఎక్కాలంటే కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకోవాలి, చెప్పు పట్టీ మా కోడలు పెట్టాలి. చివరికి ఇంకో డాక్టరు నన్ను బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు మడిచి, పాదాన్ని మెల్లగా బయటికి తిప్పాడు. అంతే, గజ్జలో చురుక్కుమని కళ్ల వెంట నీళ్లొచ్చాయి. "అమ్మా, మీ మోకాలికేం కాలేదు, తుంటి అరిగిపోయింది" అన్నాడు. తుంటికి వెళ్లే నరాల్లో కొన్ని మోకాలికీ వెళ్తాయట, అందుకని రోగం ఒకచోట ఉంటే నొప్పి ఇంకోచోట తెలుస్తుంది. తుంటి అనగానే మనం నడుము పక్కన చెయ్యి పెట్టి చూపిస్తాం కదా, కీలు నొప్పి ఎక్కువగా వచ్చేది అక్కడ కాదు, ముందు వైపు గజ్జలో. గజ్జ లాగుతూ, కాలి గోళ్లు తీసుకోవడం కూడా కష్టమవుతుంటే, ఒక్కసారి తుంటికి ఎక్స్‌రే తీయమని మీరే అడగండి.

నాది వయసుతో వచ్చిన అరుగుదల. కానీ ఫిజియోథెరపీకి వెళ్లినప్పుడు నా పక్క మంచం మీద ముప్పై నాలుగేళ్ల అబ్బాయి ఉండేవాడు. తొడ ఎముక పైకొసన తుంటి గిన్నెలో తిరిగే బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడిందట. స్టెరాయిడ్లు ఎక్కువగా వాడటం, మద్యం అతిగా తాగడం దీనికి పెద్ద కారణాలు, మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు, ఎమ్మారై తీస్తే గానీ బయటపడదు. పేరూ ఊరూ లేని పొట్లాలు కట్టి ఒళ్లు నొప్పులకు ఇస్తుంటారే, రెండు రోజుల్లో లేచి పరిగెత్తించే మందు, అందులో ఏముందో ఇచ్చేవాడు చెప్పడు, మింగేవాళ్లు అడగరు. మా వీధిలో ఇప్పటికీ తెప్పించుకుంటున్నారు.

ఆపరేషన్ అనగానే చుట్టాలు భయపెట్టారు, ఈ వయసులో ప్రయోగాలు ఎందుకని. ప్రయోగం ఏముంది, 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే డాక్టరు దారి వేసిన పద్ధతే ఇది. పెట్టిన కీళ్లలో నూటికి 58 దాకా 25 ఏళ్ల తర్వాత కూడా పనిచేస్తున్నాయని 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో లెక్క వచ్చిందని మా అబ్బాయి చదివి చెప్పాడు. పాతికేళ్లా, నాకు అంతకంటే ఏం కావాలి!

బెంగళూరులో చేయించుకున్నాం. వచ్చేటప్పుడు కారు ముందు సీటు వెనక్కి జరిపి, గట్టి దిండు వేసి కూర్చోబెట్టారు, బాగేపల్లి దగ్గర ఒకసారి, పెనుకొండ దగ్గర ఒకసారి దింపి నాలుగడుగులు నడిపించారు, రక్తం గడ్డకట్టకుండా. ఇంత జాగ్రత్తగా ఇల్లు చేరాక బాత్‌రూమ్ దగ్గర ఆగిపోయాం. వాకరు తలుపులోంచి పట్టలేదు. రెండంగుళాలు ఎక్కువ. నేను ఆ గడపలో నిలబడి ఉన్నాను, మా ఆయన టేపు పట్టుకుని కొలుస్తున్నాడు, కొలిస్తే తలుపు పెద్దదవుతుందా? చివరికి వాకరును పక్కకు తిప్పి, ఒక చేత్తో గోడ పట్టుకుని, వెనక నుంచి కోడలు నడుం పట్టుకుంటే లోపలికి వెళ్లాను. ఆ టేపు ఆపరేషన్‌కి ముందే తీసి ఉంటే సరిపోయేది.

లోపల మళ్లీ ఇండియన్ టాయిలెట్టే. నాకు వెనక వైపు నుంచి కోసి చేశారు, కాబట్టి మూడు నెలలు తొంభై డిగ్రీలు దాటి వంగకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు, ఆ కాలిని లోపలికి తిప్పకూడదు, తప్పితే బంతి గిన్నెలోంచి జారిపోయే ప్రమాదం ఉంది. ముందు వైపు నుంచి చేసినవాళ్లకు జాగ్రత్తలు వేరుగా ఉంటాయి, మీ డాక్టరు చెప్పిందే వినండి, నా మాట కూడా పక్కన పెట్టండి. డిగ్రీలు నాకేం తెలుస్తాయి, మాకు చెప్పింది ఒకటే, కూర్చున్నప్పుడు మోకాలు తుంటి కంటే పైకి రాకూడదు. ఈ కొలతతో చూస్తే మా ఇంట్లో నేను కూర్చోదగ్గ చోటే లేదు. సోఫా కుంగుతుంది, నవారు మంచం అంతకంటే కుంగుతుంది, అన్నం నేల మీద, ఈలపీట నేల మీద, పూజ నేల మీద. మధ్యలో రంధ్రం ఉండే కమోడ్ కుర్చీ తెచ్చి టాయిలెట్ మీద వేశాం. చెక్క మంచం కోళ్ల కింద దిమ్మెలు పెట్టించాం. రాత్రి కాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకునేదాన్ని. మా మనవడికి ఆరేళ్లు, వాడు కాపలా. చేతిలోంచి ఏది జారినా "జేజీ, వంగాకు!" అని అరుస్తూ వచ్చేవాడు, ఒక్కోసారి నేను కదలక ముందే అరిచేవాడు.

కర్ర ఏ చేత్తో పట్టుకోవాలి అని మా ఆయన నెల రోజులు వాదించాడు. ఆపరేషన్ కాలు కుడిదైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. పడుకున్నా కూర్చున్నా గంట గంటకూ పాదాలు పైకీ కిందికీ ఆడించాలి. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. రక్తం పలచన చేసే మందును, కాలు బాగుంది కదా అని సొంతంగా మానేయకూడదు.

ఇదంతా నాకు తెలిసింది సగం ఫిజియోథెరపీ అమ్మాయి వల్ల, సగం తప్పులు చేసి. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం మొత్తం ఇంగ్లీషు. ఆపరేషన్ తేదీ ఇచ్చే రోజే మీ ఇంట్లో టాయిలెట్ ఎలాంటిది, తలుపు వెడల్పు ఎంత, మెట్లెన్ని అని అడిగి, తెలుగులో ఒక కాగితం చేతిలో పెట్టడం ఆసుపత్రులకు అంత కష్టమా? పెళ్లిళ్లకు లక్షలు తీసుకునే ఫంక్షన్ హాళ్లవాళ్లు ఒక్క వెస్ట్రన్ టాయిలెట్, గోడకు ఒక పట్టుకునే కడ్డీ పెట్టలేరా? మా అక్క మనవరాలి పెళ్లికి నేను ముహూర్తం దాకా కూడా ఉండలేక ఇంటికి వచ్చేశాను, కారణం ఇదొక్కటే. మీ పేపరువాళ్లు కూడా ఈసారి కుర్చీ ఎత్తు, కర్ర పట్టుకునే చెయ్యి, మెట్లెక్కే పద్ధతి బొమ్మలేసి సగం పేజీ ఇవ్వండి, కత్తిరించి గోడకు అంటించుకుంటాం.

నా కమోడ్ కుర్చీ, వాకరు ఇప్పుడు మా ఇంట్లో లేవు. మొదట వెనక వీధి పెద్దాయన తీసుకున్నాడు, ఆయన దగ్గర నుంచి రాంనగర్‌లో ఒకావిడకు వెళ్లాయి. మంచం కింది దిమ్మెలు మాత్రం ఇంకా ఉన్నాయి, కావాల్సినవాళ్లు వచ్చి తీసుకెళ్లవచ్చు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అంగన్‌వాడీ టీచరు,
అనంతపురం