తీగ వేశారు సరే, నేర్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

మన జిల్లా యువత డిజిటల్ రంగంలో ముందుకు దూసుకుపోతోందని అధికారులు చెప్పిన వార్త పోయిన వారం మీ పత్రికలో చదివాను. ఎన్ని ఊళ్లకు ఫైబర్ తీగ వేశారో, ఎన్ని బడులకు డిజిటల్ తెరలు ఇచ్చారో లెక్కలు ఇచ్చారు. ఆ బడుల్లో కంప్యూటర్ నేర్పేవారు ఎందరున్నారో చెప్పలేదు. మీ విలేకరి కూడా అడగలేదు.

డిగ్రీ ప్రవేశాలకు 2016లో 'దోస్త్' అనే ఆన్‌లైన్ దరఖాస్తు విధానం వచ్చినప్పటి నుంచి వేసవి వస్తే చాలు, ఇంటర్ పాసైన పిల్లలు నెట్ సెంటర్ల ముందు బారులు తీరుతున్నారు. ఈసారి మా వీధి అమ్మాయికి తోడుగా నేనూ వెళ్లాను. ఆధార్‌కు అనుసంధానమైన నంబరు తండ్రిది. ఆయనేమో వరికోత మిషను మీద ఉన్నాడు. ఓటీపీ ఆయనకు వచ్చి, ఆ అంకెలు ఫోన్లో చదివి వినిపించేసరికి గడువు దాటింది. మళ్లీ మొదటికొచ్చింది. చివరికి కాలేజీల ఆప్షన్లను సెంటర్ అబ్బాయే తనకు తోచిన వరుసలో పెట్టేశాడు. వెనక అంతమంది నిలబడి ఉంటే అతన్ని మాత్రం ఏమనగలం? ఆ వరుసను బట్టే సీటు వస్తుందని అమ్మాయికి తెలియదు. ఆమె పాస్‌వర్డు కూడా అతని నోటుపుస్తకంలోనే ఉండిపోయింది. మంచి మార్కులతో పాసైన పిల్ల. తన దరఖాస్తు తాను నింపుకోవడం మాత్రం పన్నెండేళ్ల చదువులో ఎవరూ నేర్పలేదు.

నేర్పేవారు ఉంటే కదా! ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో వేలాది ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చి, ప్రైవేటు సంస్థల ద్వారా బోధకులను పెట్టారు. ఒప్పందం గడువు తీరగానే వారిని ఇంటికి పంపేశారు. నేను చూసిన ఒక బడిలో ఆ గదిలో ఇప్పుడు మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు ఉన్నాయి, మానిటర్లు గోడవారగా దుమ్ము కొట్టుకుపోతున్నాయి.

ఇంటింటా స్మార్ట్‌ఫోన్ ఉందిగా అంటారు. పల్లెల్లోని 14–18 ఏళ్ల వారిపై 'ప్రథమ్' అనే స్వచ్ఛంద సంస్థ 2023లో చేసిన 'అసర్' విద్యా సర్వే చూడండి. స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన వారిలోనే సొంత ఫోను ఉన్నది అబ్బాయిల్లో 43.7 శాతం మందికి, అమ్మాయిల్లో 19.8 శాతం మందికి. గ్రామీణ డిజిటల్ అక్షరాస్యత కోసం కేంద్రం 2017లో తెచ్చిన పథకంలో శిక్షణ మొత్తం ఇరవై గంటలు! ఆరు కోట్ల లక్ష్యం దాటామని చెప్పి 2024 మార్చితో దాన్ని ముగించారు. ఇరవై గంటల్లో మౌసు పట్టుకోవడం వస్తుందేమో గానీ, మోసపు లింకును గుర్తుపట్టడం వస్తుందా?

కేరళ 2001లోనే 'ఐటీ ఎట్ స్కూల్' మొదలుపెట్టింది. తమ ఉపాధ్యాయులకే శిక్షణ ఇచ్చి, పదో తరగతిలో ఐటీ పరీక్ష కూడా పెట్టింది. మన దగ్గర ఉపకార వేతనం, ఉద్యోగ దరఖాస్తు, హాల్‌టికెట్ అన్నీ ఆన్‌లైన్ చేసేశారు. చేతకాని పిల్లలు ప్రతి పనికీ సెంటర్లో డబ్బు కట్టుకుంటున్నారు. కార్యాలయానికి వెళ్లి అడిగితే వెబ్‌సైట్ చూసుకోమంటారు. కాగితం తీసుకుని సంతకం పెట్టే గుమాస్తా ఉన్న రోజుల్లో కనీసం ఒక మనిషి జవాబు చెప్పేవాడు.

ప్రతి ఉన్నత పాఠశాలకు ఒక శాశ్వత కంప్యూటర్ ఉపాధ్యాయుడు కావాలి. టైమ్‌టేబుల్‌లో ఆ పీరియడు ఉండాలి, దానికి మార్కులుండాలి. రాబోయే నియామకాల్లో ఆ పోస్టులు ఎన్ని ఉన్నాయో విద్యాశాఖ ప్రకటించాలి. మీ విలేకరి ఈసారైనా ఆ ప్రశ్న అడగాలని నా విన్నపం.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా